చెడిపోయిన బీపీ మిషన్

మా ఇంటి ఓనరు మల్లేశ్వరరావుగారికి గుండెలో స్టెంటు వేసినప్పటి నుంచి భవానీపురంలో మా వీధి మొత్తానికీ ఆరోగ్యం పట్టుకుంది. పాలాయన, గ్యాసు బండ తెచ్చే మనిషి, కరెంటు రీడింగు తీసుకోవడానికి వచ్చినాయన, ఎవరైనా సరే, గేటు లోపల అడుగు పెడితే వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. జబ్బకి పట్టీ చుట్టి బీపీ మిషన్ బటన్ నొక్కేవారు. అది గుర్రుమంటూ గాలి నింపుకుంటున్నంతసేపూ "మాట్లాడొద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు" అని కసురుకునేవారు. అంకె రాగానే రేడియోలో వార్తలు చదివినట్టు గట్టిగా చదివేవారు. మా వీధిలో ఎవరి బీపీ ఎంతో అందరికీ తెలుసు. ఒక్క మనిషిది తప్ప.

నా పేరు రేణుక. వాళ్ళ పై వాటాలో అద్దెకుంటాం. చీరలకి ఫాల్ కుట్టడం, జిగ్‌జాగ్ చేయడం నా పని. వన్ టౌన్‌లో మల్లేశ్వరరావుగారికి చీరల షాపుంది. నాకొచ్చే పనిలో చాలా భాగం అక్కణ్ణుంచే వస్తుంది. అందుకని ఓనరుగారు అనడం ఎప్పుడో మానేసి బాబాయిగారంటాను. ఆయన భార్య భద్రమ్మగారిని పిన్నిగారంటాను. నాకు నోరు కాస్త ఎక్కువని మా ఆయన అంటాడు. అనుకోనివ్వండి. ఈ ఇంట్లో జరిగింది చెప్పడానికి ఆ మాత్రం నోరు కావాలి.

స్టెంటుకి ముందు బాబాయిగారి దినచర్య నాకు బాగా తెలుసు. షాపులో తెల్ల పరుపు మీద పొద్దున కూర్చుంటే షట్టర్ దించేదాకా లేచేవారు కాదు. చీరలు తీసి పరిచేందుకు మనుషులున్నారు, ఆయన చెయ్యి ఊపితే చాలు. కొనడానికి వచ్చినవాళ్ళకి టీ చెప్పడం షాపు మర్యాద. వాళ్ళ చేత తాగించి తాను తాగకపోతే బాగుండదని ఆయనా తాగేవారు. ప్రతి టీ వెనకా ఒక సిగరెట్టు ఉండేది. ఇంటికొచ్చాక పప్పులో నెయ్యి, పక్కన ఆవకాయ, వేపుడు, గడ్డపెరుగు, ఆ వెంటనే మంచం. ఇలా ఉన్న మనిషికి కిందటి దసరా అమ్మకాలు అయిపోయిన వారంలో, అదే పరుపు మీద, ఛాతీ పట్టేసి చెమటలు పోశాయి. కొడుకు ఉమామహేశ్ పక్కనే ఉన్నాడు కాబట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బతికి బయటపడ్డారు.

బయటపడ్డాక ఆయన మరో మనిషైపోయారు. సిగరెట్టు మానేశారు. అది మెచ్చుకోవాల్సిందే. టీ చెప్పినా తాను మజ్జిగ తెప్పించుకునేవారు. పొద్దున్నే తెల్ల బూట్లు వేసుకుని కృష్ణ కట్ట మీద వాకింగ్‌కి వెళ్ళేవారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ మానేసినవాళ్ళకి ఇంకా మానని వాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది కదా. నేను మిషన్ మీద వంగి కుడుతుంటే కింద నుంచి కేకేసేవారు. "అమ్మాయ్ రేణుకా, లేచి నాలుగడుగులు వెయ్యి. కూర్చుంటే గుండె పాడైపోద్ది!" కుట్టకుండా లేస్తే ఆయన చీరలే ఆలస్యమవుతాయని నేను అనేదాన్ని కాదు, అనుకునేదాన్ని.

ఈ మార్పంతా నడిపించింది పిన్నిగారు. డాక్టర్ రాజ్యశ్రీగారు ఏం తినాలో, ఏం తినకూడదో రాసిచ్చిన కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి, అందులో ఒక్క ముక్క తప్పకుండా చేశారావిడ. స్టవ్ మీద ఒక పొయ్యి ఆయనకి, రెండోది మిగతా ఇంటికి. ఆయనకి ఉప్పు నామమాత్రంగా వేసిన పప్పు, ఆవిరి మీద ఉడికించిన కూర, పుల్కాలు, పొద్దున్నే రాగి జావ. ఉమామహేశ్‌కి వేపుడు లేనిదే ముద్ద దిగదు కాబట్టి రెండో పొయ్యి మీద పాతకాలం వంటలు అలాగే సాగేవి. ఆయన పళ్ళెం ముందు కూర్చుంటే ఆవిడ పక్కనే నిలబడి "ఎట్టా ఉందండీ?" అని అడిగేవారు. "బ్రహ్మాండంగా ఉందే" అని ఆయన తినేసేవారు. నేను మధ్యాహ్నం కుట్టిన చీరలు పట్టుకుని కిందికి వెళితే పిన్నిగారు ఆ మాట నాకు మురిసిపోతూ చెప్పేవారు. "ఉప్పు లేకపోయినా వంకపెట్టకుండా తింటున్నారమ్మా, దేవుడి దయ" అనేవారు.

మరి ఆవిడ ఏం తినేవారు? ఈ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగనందుకు వాళ్ళని పూర్తిగా తప్పు పట్టలేం. ఆవిడ తినడం ఎవరూ చూడలేదు. పిన్నిగారిది పెడన. పుట్టింట్లో నేత పని. మగ్గం గుంటలోంచి లేచి వచ్చినవాళ్ళకి ముందు పెట్టాలి. పిల్లలకి తర్వాత పెట్టాలి. ఆడవాళ్ళు ఆఖర్న, ఉన్నదేదో తినాలి. తెగిన నూలు పోగు కూడా పారేయకుండా ముడివేసుకునే ఇంట్లో అన్నం ఎవరు పారేస్తారు? మగ్గాలు పోయి, షాపు వచ్చి, పెద్ద ఇల్లు కట్టుకున్నా ఆవిడ తిండి మాత్రం పెడనలోనే ఉండిపోయింది. మూకుడు అడుగున అంటుకున్న వేపుడు నూనెలో అన్నం వేసి కలుపుకుని, వంటగది గట్టు దగ్గర నిలబడే తినేసేవారు. పక్కన ఊరుమిరపకాయలు. పైగా బాబాయిగారు ముట్టుకోవడం మానేసిన పెద్ద జాడీడు ఆవకాయ. ఏడాదికని పెట్టిన పచ్చడది. "పారేస్తామా ఏంటి?" అని ఆ జాడీ ఖాళీ చేసే బాధ్యత తనే తీసుకున్నారు. ఆయన కట్ట మీద నడిచే వేళకి ఈవిడ రాగి జావ కలుపుతూ ఉండేవారు. ఆయన నిద్రపోయాక గిన్నెలు తోముకునేవారు. నెల నెలకీ ఆయన సన్నబడ్డారు, ఈవిడ ఉబ్బరించారు.

డాబా మీద వడియాలు పెట్టడానికి వచ్చేటప్పుడు ఆవిడ మా గుమ్మం దగ్గర ఆగిపోయేవారు. మెట్ల చువ్వ పట్టుకుని ఊపిరి తీసుకునేవారు. "మోకాళ్ళమ్మా" అనేవారు. మోకాళ్ళ నొప్పికి ఆయాసం ఎందుకొస్తుందో నాకు తట్టలేదు. మెడ వెనక ఎప్పుడూ బామ్ వాసన వచ్చేది. "దిండు పడట్లేదు" అనేవారు. ప్రతిదానికీ ఆవిడ దగ్గర ఒక కారణం ఉండేది, దేన్నీ గుండె దాకా పోనిచ్చేవారు కాదు. గుండె అనేది ఆ ఇంట్లో ఆయన ఒక్కరి సొత్తు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున బాబాయిగారి వాకింగ్ స్నేహితుడు దుర్గాశంకర్‌గారు వచ్చారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కట్ట మీద నడక అయిపోయాక బండి దగ్గర వేడి పునుగులు తినకపోతే నడిచినట్టే కాదనుకునే రకం. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ చుట్టారు. పైది నూట అరవై దాటింది.

"పునుగులు మానెయ్" అన్నారు బాబాయిగారు, న్యాయమూర్తిలా.

"పునుగులకేం? నీ మిషనే చెడిపోయింది" అన్నారు దుర్గాశంకర్‌గారు. "నీకు పెడితే చాలు, బాగుంది బాగుందని భజన చేస్తది. కొన్నవాడికి అట్టా, పక్కోడికి ఇట్టా."

వాదన పెరిగింది. నేను చీరలు ఇవ్వడానికి దిగి అక్కడే నిలబడ్డాను. ఇలాంటివి వదులుకోను.

"ఆగు. మా షాపులో కొత్త టేపు వస్తే ఏం చేస్తాం?" అన్నారు బాబాయిగారు. "ఇనప మీటరు కడ్డీ పక్కన పెట్టి చూస్తాం. మా నాన్న కొన్న కడ్డీ. దాంతో కలిస్తే టేపు మంచిది. కలవకపోతే టేపు అవతల పారేయడమే. ఇప్పుడు ఈ మిషన్‌ని కూడా అట్టాగే చూద్దాం. జబ్బంటే తెలియని మనిషికి పెడదాం." లోపలికి తిరిగి కేకేశారు. "భద్రా! ఒకసారి ఇట్టా రావే."

పిన్నిగారు చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఏంటండీ, పోపు మాడిపోద్ది" అన్నారు. "కూర్చో, నువ్వే మా కడ్డీవి" అన్నారాయన. ఆవిడకి అర్థం కాలేదు గానీ నలుగురిలో ఆయన పిలిచి కూర్చోబెట్టినందుకు సంతోషమైంది. "నేను ఆసుపత్రి మొహం చూసింది మా ఉమ పుట్టినప్పుడే" అని దుర్గాశంకర్‌గారికి గర్వంగా చెప్పారు.

మిషన్ గుర్రుమంది. ఒకసారి ఆగి, మళ్ళీ ఇంకాస్త గాలి కొట్టుకుంది. అంకె వచ్చింది. పైది నూట తొంభై. కిందిది నూట పది.

దుర్గాశంకర్‌గారు తొడ చరిచి నవ్వారు. "చూశావా! భద్రమ్మగారికి నూట తొంభయ్యంట! నే చెప్పలా?" బాబాయిగారు మిషన్‌ని తిప్పి, కింద చూసి, బ్యాటరీలు తీసి మళ్ళీ పెట్టారు. "కొని నాలుగు నెలలన్నా కాలేదు" అని విసుక్కున్నారు. పిన్నిగారూ నవ్వారు, నేనూ నవ్వాను. దుర్గాశంకర్‌గారు గెలిచిన ఉత్సాహంలో సరాసరి పునుగుల బండికి వెళ్ళిపోయారు. పిన్నిగారు పోపు దగ్గరికి వెళ్ళిపోయారు.

వీధి చివర మందుల షాపు చక్రిది. మిషన్ అక్కడే కొన్నారు. ఆ తర్వాత జరిగింది నాకు చక్రి చెప్పాడు. మిషన్ తీసుకుని తన చేతికి పెట్టుకున్నాడట, బాగానే చూపించింది. బాబాయిగారికి పెట్టాడు, బాగానే చూపించింది. "మిషన్‌లో లోపం లేదండీ" అన్నాడు. "మా ఆవిడకి నూట తొంభై చూపించిందయ్యా, లోపం లేదంటావేంటి?" అని బాబాయిగారు మండిపడ్డారు. చక్రి కాస్త మెల్లగా, "పోనీ ఒకసారి ఆవిణ్ణే డాక్టరుకి చూపించకూడదా అండీ" అన్నాడట. "మిషన్ మార్చమంటే మనిషిని అనుమానిస్తావేంటి? వేరేది ఇవ్వు" అన్నారాయన. పాత కస్టమరు, పైగా గుండె ఆపరేషన్ అయిన మనిషి. ఎందుకొచ్చిన గొడవని చక్రి వేరే మిషన్ ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం కొత్త మిషన్ ప్రారంభోత్సవానికి నన్నూ పిలిచారు. ముందు బాబాయిగారికి, తర్వాత ఉమామహేశ్‌కి, తర్వాత నాకు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. "ఇదీ మిషనంటే" అని పిన్నిగారికి చుట్టారు. ఈసారి నూట తొంభై ఆరు.

నవ్వుదామనుకున్నాం గానీ నవ్వు సరిగ్గా రాలేదు.

"గాజులు అడ్డమేమో" అన్నారు పిన్నిగారు. గాజులు మణికట్టు దగ్గరున్నాయి, పట్టీ జబ్బ మీదుంది. ఆ సంగతి అందరం చూస్తూనే ఉన్నాం, అయినా అవునేమో అన్నట్టు తలలూపాం. "అమ్మా, ఒకసారి డాక్టరుగారికి చూపిద్దామా?" అన్నాడు ఉమామహేశ్. "నాకేంట్రా? ఎండలో డాబా ఎక్కొచ్చాను, అందుకే" అని ఆవిడ లేచి వెళ్ళిపోయారు. "ఈ కంపెనీ మాల్ అంతా ఇంతే" అన్నారు బాబాయిగారు. ఎప్పటిలా గట్టిగా అనలేదు. నేను మెట్లెక్కుతుంటే మా గుమ్మం దగ్గరి చువ్వ కనపడింది. ఆవిడ పట్టుకుని పట్టుకుని అక్కడ రంగు పోయింది. నాకు భయమేసింది. కానీ మనసుకి తోచినదాన్ని నోటితో అనడానికి జంకాను. ఓనరు పెళ్ళానికి జబ్బుందని అద్దెకున్నమ్మాయి చెబితే ఎలా ఉంటుంది?

ఆ జంకు నేను పోగొట్టుకోక ముందే, ఆ వారంలోనే, షాపుకి తూనికలు కొలతల ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. షాపుల్లో కొలిచే కడ్డీలని గడువు దాటకుండా సరిచూసి ముద్ర వేస్తారు. కడ్డీతో కలవలేదని పక్కన పడేసిన కొత్త టేపుల్ని కూడా చూసి అవి సరిగ్గానే ఉన్నాయన్నాడు. చివర్న ఇనప కడ్డీని తన కడ్డీ పక్కన పెట్టి తల అడ్డంగా ఊపాడు. "ఇది అరిగిపోయిందండీ. చివర్లు చూడండి. దీనికి ముద్ర వేయించి ఎన్నాళ్ళయింది?" అన్నాడు. ఎన్నాళ్ళయిందో బాబాయిగారికి గుర్తులేదు. టేపులకి ముద్రలు వేయించేవారు, కడ్డీని ఎప్పుడూ గోడ మేకుకే వదిలేసేవారు. అన్నిటినీ దాంతో కొలిచారు కానీ దాన్ని కొలిపించాలని తోచలేదు. దానివల్ల ఇంకెన్ని మంచి టేపులు చెత్తబుట్టలో పడ్డాయో!

ఇది ఆయనే నాకు తర్వాత ఆటోలో చెప్పారు. ఆ కడ్డీని చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయారట. తర్వాత పరుపు మీంచి లేచి, కొడుకుతో కూడా చెప్పకుండా, కనపడ్డ ఆటో ఎక్కి ఇంటికొచ్చేశారు.

నేనప్పుడు వంటగది గుమ్మంలో ఉన్నాను, కుట్టిన చీరలు ఇవ్వడానికి. పిన్నిగారు గట్టు దగ్గర నిలబడి మూకుడులో అన్నం కలుపుకుంటున్నారు. బంగాళాదుంప వేపుడు అడుగు, నూనె, దాని మీద ఆవకాయ గుజ్జు. "నువ్వూ ఒక ముద్ద తింటావా" అని నన్ను అడుగుతూ ఉండగానే బాబాయిగారు చెప్పులతోనే లోపలికి వచ్చేశారు.

పిన్నిగారి మొహంలో రంగు పోయింది. "ఏవండీ! ఈ వేళప్పుడు వచ్చారేంటి? నొప్పి వచ్చిందా? చెమట పడుతోందా? రేణుకా, ఉమకి ఫోన్ చెయ్యమ్మా!" ఎంగిలి చేత్తోనే ఆయన ఛాతీ మీద చెయ్యి వేసేశారు. తెల్ల చొక్కా మీద ఎర్రగా ఆవకాయ అంటుకుంది.

"నాకేం కాలేదే" అన్నారాయన. ఆయన చూపు మూకుడు మీదుంది. "నువ్వు రోజూ ఇట్టాగే తింటావా?"

"ఇట్టాగే అంటే?"

"నిలబడి. ఇదే."

"ఉన్నది తింటా. పారేస్తామా ఏంటి?"

కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఆయన ఆవిడ అన్నం తినడం ఆ రోజే చూశారు. నాకు ఆ మనిషి మీద కోపమొచ్చింది, వెంటనే జాలీ వేసింది. వీధిలో అందరి జబ్బలకీ పట్టీలు చుట్టిన మనిషి, తన వంటగదిలో కొత్తవాడిలా నిలబడిపోయారు.

"మన కడ్డీ అరిగిపోయిందంట భద్రా" అన్నారు. "పక్కన పడేసిన టేపులే సరైనవి."

"అరిగితే కొత్తది కొనుక్కోండి. దానికోసం షాపు వదిలేసి వచ్చారా?"

"కడ్డీ అయితే కొంటానే" అని మూకుడుని ఆవిడ ముందు నుంచి పక్కకి జరిపారు. "చెయ్యి కడుక్కో. డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నారు.

వెళ్ళడమంటే అంత తేలికా? పిన్నిగారు మొదట వడియాలు ఎండలో ఉన్నాయన్నారు. తర్వాత శుక్రవారం వెళదామన్నారు. శుక్రవారం పూజ ఉందని ఆవిడకే గుర్తొచ్చి శనివారమన్నారు. ఆయన వదలకపోయేసరికి కోపం తెచ్చుకున్నారు. "జబ్బు మీది. నాకేం జబ్బు? నాకు కూడా జబ్బంటే మీకు ఎవరు వండి పెడతారు? ఆ కాగితంలో ఉన్నవన్నీ ఎవరు చూసుకుంటారు?" అన్నారు. ఆ ఆఖరి మాట అంటూ ఫ్రిజ్ మీది కాగితం వైపు చూశారు. అప్పుడు నాకు తెలిసింది, ఆవిడకి ఆ అంకె అర్థం కాక కాదు. మొదటిసారి మిషన్ చూపించినప్పుడే భయపడ్డారు. తాను పడిపోతే ఆయన పథ్యం ఆగిపోతుందనే భయం తప్ప ఆవిడకి ఇంకో భయం లేదు.

బాబాయిగారికి కూడా అది అందినట్టుంది. బుజ్జగించడం మానేశారు. ఫ్రిజ్ మీదున్న తన మాత్రల డబ్బా తీసుకుని జేబులో వేసుకున్నారు. "నువ్వు వచ్చేదాకా నేనివి వేసుకోను. రాగి జావ కూడా తాగను. నీ ఇష్టం" అని వంటగది నేల మీద చతికిలబడ్డారు.

ఇది అన్యాయం. ఆవిడ బలహీనత ఎక్కడుందో తెలుసుకుని సరిగ్గా అక్కడ కొట్టారు. పిన్నిగారు ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిడుతూనే మొహం కడుక్కుని, చీర మార్చుకుని, నన్ను తోడు రమ్మని బయల్దేరారు. ఆటోలో కూడా ఆయనతో మాట్లాడలేదు. మధ్యలో ఒకసారి మాత్రం "ఆ మధ్యాహ్నం మాత్ర వేసుకోండి ముందు" అన్నారు.

డాక్టర్ రాజ్యశ్రీగారు ఒక చేతికి చూశారు, రెండో చేతికి చూశారు. కాసేపు పడుకోబెట్టి మళ్ళీ చూశారు. ఈసీజీ తీశారు, స్కానింగ్ చేశారు. మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. బాబాయిగారు అడుగులు లెక్కపెట్టుకోవడానికి కొనుక్కున్న చేతి గడియారాన్ని తీసి జేబులో పెట్టుకున్నారు. "రేణుకా, ఆవిడకి ఏమన్నా అయితే నేనీ స్టెంటు వేయించుకుని ఏం లాభమమ్మా" అన్నారు. నేను ఆయన చొక్కా మీద ఆవకాయ మరక చూస్తూ కూర్చున్నాను. నా నోరు పనికిరాని సమయాలు కూడా ఉంటాయి.

లోపలికి పిలిచారు. బీపీ చాలాకాలంగా ఉందని డాక్టరుగారు చెప్పారు. ఆ బరువు మోసి మోసి గుండె కండరం కాస్త మందమైందట. "ఇంకా పెద్ద నష్టం జరగలేదండీ. మందులతో, తిండితో అదుపులోకి వస్తుంది. ఇంకొన్నాళ్ళు మిషన్లు మారుస్తూ కూర్చుంటే పక్షవాతమో, గుండెపోటో వచ్చేది" అన్నారు. మిషన్ల సంగతి నేనే చెప్పేశాను. చెప్పాలి కదా.

తర్వాత బాబాయిగారి వైపు తిరిగి "ఇంట్లో మీరు తిననివన్నీ ఎవరు తింటున్నారు?" అని అడిగారు. ఆయన తల దించుకున్నారు. "నేను రాసిచ్చిన కాగితం మీ ఒక్కరికి కాదండీ, మీ ఇంటికి. రెండు పొయ్యిలు ఆపేయండి. ఇద్దరూ ఒకటే తినండి, ఒకేసారి తినండి. నడక కూడా ఇద్దరికీ."

"నాకు నడక ఎందుకమ్మా, ఇంట్లో తిరుగుతూనే ఉంటాను కదా" అన్నారు పిన్నిగారు.

"ఇంట్లో మీరు తిరగడం లేదు, పరిగెడుతున్నారు. బయట నింపాదిగా నడవండి" అన్నారు డాక్టరుగారు. ఆ మాట పిన్నిగారికి నచ్చింది. తనని నింపాదిగా ఉండమని చెప్పినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరనుకుంటాను.

మర్నాడు బాబాయిగారు షాపుకి వెళ్ళలేదు. తానే వండుతానని వంటగదిలోకి దూరారు. కాగితం చూసుకుంటూ, పప్పు చూసుకుంటూ, మధ్యమధ్యలో పైకి కేకేసి నన్ను అడుగుతూ, ఏదో వండారు. హాల్లో రెండు పళ్ళేలు పెట్టారు. పిన్నిగారు కూర్చోవడానికి పడ్డ సిగ్గు అంతా ఇంతా కాదు. "ఎవరన్నా వస్తే ఏమనుకుంటారు" అన్నారు. "మీరు తినండి, నేను తర్వాత" అన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి వడ్డించారు. పెరుగు గిన్నె ఇవ్వడానికి వెళ్ళిన నేను గుమ్మంలో ఆగిపోయాను.

ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. నమిలారు. ఆయన వైపు చూశారు.

"ఇదేంటండీ, ఉప్పే లేదు. గడ్డి తిన్నట్టుంది."

"నువ్వు చేసినట్టే చేశానే. అంతే వేశాను."

"నేను చేసింది ఇట్టా ఉంటదా?"

"అచ్చం ఇట్టాగే."

అన్ని నెలలు వండారు కానీ ఆవిడ దాన్ని రుచి చూడలేదు. ఆయన పథ్యం ఆయనకి, ఎంగిలి కాకూడదని ముట్టుకోలేదు. "మరి అడిగినప్పుడల్లా బ్రహ్మాండంగా ఉందనేవారేంటి?" అన్నారు.

"పక్కన నిలబడి అట్టా చూస్తుంటే ఏమనను?" అన్నారాయన. "నువ్వు చేసి పెట్టావు కదే."

పిన్నిగారు మొదట నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఆ గడ్డినంతా శుభ్రంగా తిన్నారు.

ఆవకాయ జాడీ గురించి పెద్ద చర్చే జరిగింది. పారేయడానికి ఆవిడ చచ్చినా ఒప్పుకోలేదు. చివరికి వీధిలో అందరికీ చిన్న చిన్న సీసాల్లో పంచిపెట్టారు. వద్దన్నవాళ్ళు లేరు. బీపీ ఉందని తేలిన దుర్గాశంకర్‌గారు కూడా చెయ్యి చాపారు గానీ ఆయనకి మాత్రం ఇవ్వలేదు. ఆయన ఇప్పుడు చక్రి దగ్గర మాత్రలు కొంటున్నారు, పునుగులు ఆదివారానికి పరిమితం చేశానంటున్నారు. చక్రికి బాబాయిగారు స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పి, తిరిగిచ్చేసిన ఆ మొదటి మిషన్‌ని కూడా కొనేశారు. ఉమామహేశ్‌కి వేపుడు కావాలంటే తానే చేసుకోమన్నారు. రెండు రోజులు చేసుకుని, మూకుడు తోమాల్సి వచ్చేసరికి అందరితో పాటు పప్పు తింటున్నాడు.

పొద్దున్నే ఇద్దరూ కట్ట మీదికి వెళ్తున్నారు. ఈ మధ్య నన్నూ లాక్కెళ్తున్నారు. పిన్నిగారు బూట్లు వద్దని చెప్పులతోనే మొదలుపెట్టారు. మొదట్లో కాస్త దూరానికే ఆగిపోయేవారు. ఆయనా పక్కనే ఆగేవారు. ఇప్పుడు ఆవిడే ముందు నడుస్తున్నారు. "మెల్లగా నడవ్వే" అని ఆయన వెనక నుంచి అరుస్తుంటే, "డాక్టరమ్మ నింపాదిగా అంది గానీ నత్తలా అనలేదు" అని వెనక్కి చూడకుండా చెబుతారు. ఏటి మీద నుంచి గాలి చల్లగా వీస్తుంది. నాకైతే ఆ కాసేపు హాయిగా ఉంటుంది.

మొన్న నేను కుట్టిన చీరలు ఇవ్వడానికి దిగేసరికి వరండాలో పిన్నిగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. బాబాయిగారు పట్టీ చుట్టి బటన్ నొక్కారు. ఇప్పుడు ఆయన అంకెలు గట్టిగా చదవరు. మెల్లగా, ఆవిడకి మాత్రం వినపడేట్టు చదువుతారు. ఈసారి నాకూ వినపడింది. నూట ముప్పై, ఎనభై.

పిన్నిగారు మిషన్ వైపు వంగి చూశారు. తృప్తిగా తల ఊపారు.

"చూశారా? మిషన్ బాగుపడింది" అన్నారు.

"అవునే, బాగుపడింది" అన్నారు బాబాయిగారు. పట్టీ విప్పి మడిచి పెట్టేశారు గానీ ఆవిడ చెయ్యి వదల్లేదు.

"వదలండి, రేణుక చూస్తోంది" అన్నారావిడ.

"చూడనీ" అన్నారాయన.

నేను చీరలు అక్కడే గట్టు మీద పెట్టి పైకి వచ్చేశాను.